అఫ్సా అన్న మాట

డయానా వచ్చేదాకా ఆ వేసవి నాది.

రెండువేల మూడు. డిగ్రీ రెండో ఏడు పరీక్షలయ్యాక సేవాశిబిరం కింద కాలేజీ వాళ్ళు మమ్మల్ని తలా ఒకచోటికి పంపారు. నన్ను పటమటలో శివపార్వతి మేడమ్ నడుపుతున్న చిన్న బడికి వేశారు. బడి అంటే ఒక డాబా ఇంటి పైవాటా. ఒక పెద్ద గది, లోపల ఇంకో చిన్న గది, రోడ్డువైపు కిటికీ, బయటి గోడని ఆనుకుని కిందికి దిగే ఇరుకు మెట్లు. మాటలు రాని పిల్లలు, వచ్చినా మనిషి మొహంలోకి చూసి మాట్లాడని పిల్లలు అక్కడికి వచ్చేవాళ్ళు.

“వీళ్ళని ఎవరన్నా పిచ్చిపిల్లలంటే ఊరుకోకు,” అన్నారు మేడమ్ మొదటిరోజే. “ఆటిజం అంటారు దీన్ని. మనకి అలవాటైన దారిలో వాళ్ళు రారు. వాళ్ళు వచ్చే దారేదో మనమే చూసుకోవాలి.”

చూడటం నాకు చేతనవును. మాది కంకిపాడు దాటాక కాలవగట్టు మీదుగా లోపలికి వెళ్ళే ఊరు. అక్కడి బళ్ళోనే పదో తరగతి దాకా చదివాను. మాట్లాడటం కంటే చూడటమే నాకు సుఖం. మేడమ్ నాకు అఫ్సాని అప్పజెప్పారు.

అఫ్సాకి ఏడేళ్ళు. వాళ్ళ నాన్న ముస్తాక్ గారు ఆటోనగర్‌లో లారీలకి సీట్లు కుడతారు. వాళ్ళమ్మ జహీదా పొద్దున్నే పిల్లని మెట్ల దగ్గర వదిలి మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్ళేది. నేను ఆమెని జహీదక్క అనేదాన్ని. అఫ్సా వచ్చీ రాగానే చెప్పులు విప్పి, కిటికీ కిందున్న చాపమీద కూర్చుని, ఒక స్టీలు గిన్నె మూతని నేలమీద గిరగిరా తిప్పేది. తిప్పి, చెంప నేలకి ఆనించి పడుకుని దాన్ని చూసేది. ఎవరు పిలిచినా పలికేది కాదు. చెయ్యి పట్టుకుంటే అరిచేది.

రెండు మూడు రోజులు చూసి నేనూ ఆ పిల్ల పక్కనే చెంప నేలకి ఆనించి పడుకున్నాను. అలా చూస్తే అది మూతలా ఉండదు. అంచు మీద ఒక వెలుగు గీత పరుగెడుతుంటుంది. మూత వాలిపోయే ముందు ఆ గీత ఊగి, రెండుగా చీలి, చప్పుడుతో పాటు ఆరిపోతుంది. ఆ చప్పుడు చెంపలోకి దిగుతుంది. అప్పుడు తెలిసింది, ఆ పిల్ల ఊరికే తిప్పడం లేదని.

నన్ను పొమ్మనలేదు. కొన్నాళ్ళకి మూత దొర్లి నావైపు వస్తే, నేను తిరిగి నెట్టేదాకా ఆగడం నేర్చుకుంది. నా మొహం చూడదు, నా చెయ్యి చూస్తుంది. నా ఆస్తి అంతే. దాన్ని తలుచుకుంటూ కంకిపాడు బస్సులో నిలబడి ఇంటికి పోయేదాన్ని.

బడిలో ఆయా అమలమ్మ నన్ను చూసి నవ్వేది. “నీకు మార్త అని ఎవరు పెట్టారమ్మా పేరు? బైబిల్లో మార్త కాలు నిలవకుండా పని చేసిద్ది. నువ్వు మరియవే. కూర్చున్నచోట కూర్చునే ఉంటావు.”

ఏప్రిల్ సగం గడిచాక డయానా వచ్చింది.

మా కాలేజీయే. బీయస్సీ. వాళ్ళ నాన్న స్టీఫెన్ గారు రైల్వేలో పని చేస్తారు. డయానా స్కూటీ మీద వచ్చేది, మెట్లు రెండేసి ఎక్కేది, గదిలోకి రాకముందే గొంతు వచ్చేది. ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు. కిటికీలోంచి కింద ఎవరితోనో మాట్లాడేది, మధ్యలో మంచినీళ్ళకి వెళ్ళేది, తిరిగి వచ్చి ఇంకో పిల్లని ఎత్తుకునేది. ఇలాంటిదాన్ని చూసి అఫ్సా బెదిరిపోతుందనుకున్నాను. బెదిరిపోతే బావుండుననే అనుకున్నాను.

మొదటిరోజే డయానా మా చాప దగ్గరికొచ్చి నిలబడి, “ఏంటిది, మూతా? ఇటివ్వు,” అని తీసుకుని చూపుడువేలి మీద నిలబెట్టి తిప్పింది. త్రోబాల్ ఆడే పిల్ల. మూత గాలిలో తిరుగుతూ నిలబడింది. కిటికీ ఎండ దానిమీద పడి గోడమీద ఒక వెలుగు చుక్క గంతులేసింది.

అఫ్సా తలెత్తింది. లేచి నిలబడింది. డయానా మణికట్టు పట్టుకుని, ఆ చేతిని పైకి ఎత్తింది. మళ్ళీ అన్నట్టు.

ఎవరి చెయ్యీ పట్టుకోని పిల్ల.

“చూశారా మేడమ్,” అంది డయానా. “నాతో ఫ్రెండ్‌షిప్ చేసేసింది.”

నేను ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మూతలన్నీ ముందేసుకున్నాను. అన్నం గిన్నె మూత, పాలగిన్నె మూత, కూరసట్టి మూత. ఒక్కటీ వేలిమీద నిలబడలేదు. గచ్చుమీద పడ్డ చప్పుడుకి మా అమ్మ శౌరమ్మ వాకిట్లోంచి వచ్చింది.

“మూతలన్నీ సొట్టలు పెడుతున్నావేంటే? పిల్లలకి చదువు చెప్తానని వెళ్ళి సర్కస్‌లో చేరావా?”

“వేలిమీద తిప్పాలమ్మా.”

“ఎవరు తిప్పుతారంట?”

“డయానా అని. తిప్పుద్ది.”

“ఆ పిల్ల తిప్పితే తిప్పనీ. నీ చేతనయింది నువ్వు చెయ్యి. ఇయ్యి నేను కొనుక్కున్న మూతలు.”

నా చేతనయింది ఇప్పుడు ఎవరికి కావాలి? అఫ్సా నా పక్కనే కూర్చునేది. కానీ చెవులు మెట్లవైపు ఉండేవి. స్కూటీ ఆగిన చప్పుడు నాకంటే ముందు ఆ పిల్లకి తెలిసేది.

ఆ నెలాఖరులో ఒకరోజు డయానా కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. కింద చెత్తకుండీ దగ్గర ఒక ఆవు అట్టముక్క నములుతోంది. నేను అఫ్సా పక్కన చాపమీద ఉన్నాను. అఫ్సా మూత ఆపింది.

“ఆవ్,” అంది.

గొంతు బొంగురుగా, కొత్తగా ఉంది. నేను మొదట ఇంకో పిల్లాడు అన్నాడనుకున్నాను. డయానా గిరుక్కున తిరిగింది.

“ఏమన్నావ్? ఆవా? మేడమ్, ఆవు అంది. కిటికీలోంచి ఆవుని చూసి ఆవు అంది.”

మేడమ్ పరుగెత్తుకొచ్చారు. అమలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డయానా అఫ్సాని గాల్లోకి ఎత్తి తిప్పింది. మధ్యాహ్నం జహీదక్క వస్తే మెట్లమీదే చెప్పారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి, “మా ఇంట్లో ఆవు అనం, గాయ్ అంటాం. దానికి తెలుగు మాట ముందొచ్చిందన్నమాట,” అంది.

మర్నాడు డయానా అట్టలు కత్తిరించి వాటిమీద ఆవు బొమ్మలు అంటించి తెచ్చింది. నల్లావు, తెల్లావు, దూడతో ఉన్న ఆవు. బొమ్మ చూపించి ఎదురుచూసేది. అఫ్సా ఒకసారి అనేది, పదిసార్లు అనేది కాదు. అన్నప్పుడల్లా చప్పట్లు.

నేను చూస్తూనే ఉన్నాను కదా. బొమ్మ చూపించినప్పుడు అనడం లేదు. డయానా బొమ్మ పక్కన పెట్టి లేచి, నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళినప్పుడు అంటోంది. ఒకసారి డయానా ఎవరో పిలిస్తే మెట్లు దిగి వెళ్ళింది. బొమ్మలన్నీ బోర్లా ఉన్నాయి, రోడ్డుమీద రిక్షా కూడా లేదు. అఫ్సా గుమ్మంవైపు తిరిగి “ఆవ్” అంది.

డయానాతో చెప్పాను. “అది ఆవుని చూసి అనడం లేదేమోనే.”

“మరి దేన్ని చూసి అంటోంది?”

“తెలీదు. నువ్వు ఇక్కడ లేనప్పుడు అంటోంది.”

డయానా నావంక చూసి నవ్వింది. కోపంగా కాదు. “కుళ్ళా నీకు?”

కుళ్ళే. బస్సులో కూర్చుని ఆలోచిస్తే నా కళ్ళమీద నాకే నమ్మకం పోయింది. అలా జరగడం చూశానా, అలా జరగాలని కోరుకుని చూశానా? ఇన్నాళ్ళూ నాకున్నవి ఆ కళ్ళే. డయానా వాటిని కూడా తీసేసుకుందనిపించింది.

మే మొదటివారంలో అఫ్సాకి జ్వరం వచ్చి బడికి రాలేదు. చూసి రమ్మని మేడమ్ నన్ను పంపారు. డయానాని కాకుండా నన్ను పంపారన్న సంబరంతో ఆ ఎండలో ఆటోనగర్ దాకా నడిచి వెళ్ళాను.

రేకుల షెడ్డులో ముందు కొట్టు, వెనక రెండు గదులు. కొట్టు నిండా స్పాంజి ముక్కలు, రెగ్జిన్ చుట్టలు. వెనక గదిలో అఫ్సా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జ్వరం తగ్గింది. తలదగ్గర ఒక ప్లాస్టిక్ ఆవు. కొత్తది, ధర చీటీ కూడా తియ్యలేదు. అఫ్సా దానివంక చూడటంలేదు.

ముస్తాక్ గారు భోజనానికి వచ్చారు. నన్ను చూసి చాప వేయించారు.

“ఏం చెల్లెమ్మా, మా పిల్ల ఆవు అంటోందంట? ఏడేళ్ళు అన్నం పెట్టింది వాళ్ళమ్మ. పేరు మాత్రం ఆవుకి దక్కింది.”

ఆయన నవ్వారు. జహీదక్క నవ్వలేదు. పప్పు గిన్నె ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళింది.

“ఒక మాట చెప్తా, నువ్వే చెప్పు న్యాయం,” అన్నారాయన అన్నం కలుపుకుంటూ. “మా అన్న ఆసిమ్ హనుమాన్ జంక్షన్‌లో కొట్టు చూశాడు. హైవే పక్కన. లారీలన్నీ ఆగేది అక్కడే. మా అమ్మ ఇల్లుంది, ఉండటానికి ఇబ్బంది లేదు. ఇక్కడెందుకు ఆగామంటే, ఆ బడి కోసం. అక్కడ ఇలాంటి బడి లేదని ఈవిడ ఏడుపు.”

“ఏడుపు కాదు,” అంది లోపలినుంచి జహీదక్క.

“సరే, మాట. అందుకని నేనూ ఒక మాటే అడిగా. మే నెల ఆఖరుకి అది వాళ్ళమ్మని ఒక్కసారి పిలవాలి. అమ్మీ అననక్కర్లా. ఏదోటి. ఊ అన్నా సరే, పిలవాలి. పిలిస్తే ఉంటాం. లేదా, జూన్‌లో సామాను ఎక్కిస్తా. కన్నదాన్నే పిలవని పిల్లకి ఏ ఊరైతే ఏంటమ్మా?”

హనుమాన్ జంక్షన్ వెళ్ళిపోతే చాపమీద ఆ చోటు ఖాళీ అవుతుందని మాత్రం ఆలోచించాను.

ఆయన చెయ్యి కడుక్కుని కొట్టులోకి వెళ్ళాక, జహీదక్క వంటింట్లో జావ కలుపుతూ, “అఫ్సా, ఇదర్ ఆవ్,” అని పిలిచింది. “ఆవ్ బేటీ, ఆవ్.”

పిల్ల కదల్లేదు. నేను కదిలాను. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

“అక్కా, ఏమన్నారిప్పుడు?”

“ఏమన్నాను? రమ్మన్నాను.”

“ఆ మాట మళ్ళీ అనండి.”

“ఆవ్. ఇదర్ ఆవ్ అంటే ఇటు రా అని. ఎందుకు?”

నేను చెప్పకముందే ఆమెకి తెలిసిపోయింది. జావలో గరిటె ఆగిపోయింది.

“ఎవర్ని రమ్మంటోంది?” అంది.

నా నాలిక చివర ‘తెలీదు’ అనే మాట ఉంది. కానీ నేను చూశాను కదా. ఇన్నాళ్ళూ నేను చూసింది నిజమేనని తేలిన ఆ నిమిషంలోనే, దానికంటే పెద్ద నిజం కూడా తేలింది. ఆవు అయితే ఆ మాట ఎవరిదీ కాదు. రమ్మనడం అయితే అది డయానాది.

“డయానాని,” అన్నాను.

జహీదక్క మొహం నేను చూశాను. ఏడుపు కాదు, కోపం కాదు. ఆ మొహం లోపల ఏముంటుందో నాకు మూడు వారాలుగా తెలుసు.

“స్కూటీ అమ్మాయినా,” అంది మెల్లగా.

జ్వరం తగ్గి అఫ్సా మళ్ళీ వచ్చినరోజు జహీదక్క మెట్లదగ్గర వదిలి వెళ్ళిపోలేదు. పైకి వచ్చి, నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. మేడమ్‌కి నేను ముందే చెప్పాను. మేడమ్ డయానాని లోపలి గదిలోకి పిలిచి చెప్పారు. బయటికి వచ్చాక డయానా నవ్వలేదు. బల్లమీదున్న ఆవు బొమ్మలన్నీ తీసి బ్యాగులో పెట్టుకుంది.

“రమ్మని పిలుస్తుంటే నేను ఆవు బొమ్మలు చూపించానా ఇన్నాళ్ళూ,” అంది నాతో. అంతే అంది. ఆ పూట మూత తిప్పలేదు. మధ్యాహ్నం కంటే ముందే వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నేను సంతోషించాను. అది దాచడానికి ఏం లేదు. జహీదక్క కూడా సంతోషించింది. ఇద్దరం చెరోపక్కా కూర్చున్నాం. అఫ్సా మెట్లదాకా వెళ్ళి, కిందికి చూసి “ఆవ్” అనేది. కాసేపు ఆగి మళ్ళీ అనేది. మాకు వినపడనట్టు ఉండటానికి మేం మాట్లాడుకునేవాళ్ళం. ఆమె తెచ్చిన టిఫిన్‌లో నేను తినేదాన్ని, నా చద్దిలో ఆవకాయ ఆమె తీసుకునేది.

“ఆ అమ్మాయిలో ఏముంది?” అంది ఒకరోజు జహీదక్క. “నువ్వు దానితోపాటు నేలమీద పడుకుంటావు. నేను దాన్ని కన్నాను.”

“మూత తిప్పుద్దక్కా.”

“నేను కుట్టుమిషను తిప్పుతున్నాగా ఇంట్లో. చక్రం అంతుంటది. దాన్నైనా చూసి పిలవొచ్చుగా.”

ఇద్దరం నవ్వాం. ఆ వారం అఫ్సా మెట్లదగ్గర పిలవడం తగ్గించింది. తర్వాత మానేసింది. మూత కూడా తిప్పడం లేదు. చేతిలో పట్టుకుని కూర్చుంటోంది. మాట వచ్చిన గొంతు మళ్ళీ మూసుకుపోతోందని మేడమ్ అన్నారు, మమ్మల్ని ఏమీ అనకుండా. మే నెల సగం దాటింది.

ఆ మధ్యాహ్నం జహీదక్క అఫ్సాకి దాహం వేస్తోందని ఎలా కనిపెట్టిందో, గ్లాసు నోటికి అందించింది. తాగాక మూతి తుడిచింది. తుడుస్తూ ఆగిపోయింది.

“మార్తా, నువ్వు ఎప్పుడన్నా దీని పక్కనుంచి లేచి వెళ్ళావా?”

“లేదక్కా.”

“నేనూ అంతే. అడక్కముందే నీళ్ళు. ఏడవకముందే అన్నం. పక్కనున్నోళ్ళని ఎవరు పిలుస్తారు చెప్పు? వెళ్ళిపోయేవాళ్ళని కదా రమ్మంటారు.”

నా ఓపిక గురించి అంతకు ముందు నాకు కొంచెం గర్వం ఉండేది.

“ఆ అమ్మాయిని పిలుచుకురా,” అంది.

“నేనా?”

“నీకిష్టం లేదని తెలుసు. నాకూ లేదు. కానీ దానికి ఆ మాట ఉండాలి ముందు. ఉంటే ఎప్పటికన్నా నాదాకా వస్తది. అది కూడా పోయిందనుకో, జూన్‌లో మా అత్తకి మొహం చూపించాలి.”

రైల్వే క్వార్టర్లలో డయానా వాళ్ళిల్లు కనుక్కుని వెళ్ళాను. గేటు దగ్గర స్కూటీ కడుగుతోంది. నన్ను చూసి గుడ్డ బకెట్లో వేసింది, లోపలికి రమ్మనలేదు.

“నువ్వు ముందే చెప్పావు,” అంది. “నేను కుళ్ళు అన్నాను. కుళ్ళే కదా?”

“కుళ్ళే. కానీ నేను చూసింది కూడా నిజమే.”

“ఇప్పుడు లేదా, కుళ్ళు?”

“ఉంది.”

“మరి ఎందుకొచ్చావే?”

“మెట్లదగ్గర నిలబడి నిన్ను పిలిచింది వారం రోజులు. ఇప్పుడు మానేసింది. నువ్వు రాకపోతే అసలు మాట పోయేట్టుంది.”

“పిలిచిందా,” అంది డయానా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు అవి కూడా నచ్చలేదు. ఆమెకి అయిదు నిమిషాల్లో దొరికిన ఏడుపు అది. “ఎక్కు. ఇంటికి దింపుతా.”

“బస్టాండ్ దాకా చాలు.”

డయానా మళ్ళీ వచ్చింది. మూత వేలిమీద తిరిగింది. మేడమ్ చెప్పినట్టు, తిప్పి, ఆపి, కావాలని లేచి గుమ్మం దాకా వెళ్ళి నిలబడేది. అఫ్సా “ఆవ్” అనగానే వచ్చి కూర్చునేది. పిలిస్తే మనిషి వస్తుందని ఆ పిల్లకి తెలియాలి. ఇకమీదట ఆ మాటకి చప్పట్లు కొట్టొద్దని మేడమ్ మా అందరికీ చెప్పారు. జహీదక్క కూడా నేర్చుకుంది. నీళ్ళ గ్లాసు చేతిలో పెట్టుకుని గదికి ఆ చివర కూర్చునేది. చేతులు ముందుకి సాగుతుంటే ఒళ్ళో కుక్కుకునేది. అఫ్సా లేచి వెళ్ళి గ్లాసు తీసుకునేది. తాగి ఖాళీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేది. పిలవలేదు. ఒక్కసారీ పిలవలేదు.

మే ఆఖరి శనివారం ముస్తాక్ గారు తనే వచ్చారు. ఆ మాటకి అర్థం రమ్మనడమని జహీదక్క ఆయనకి ఇంకా చెప్పలేదు, తనని పిలిచినరోజే చెప్తానంది. రోహిణి ఎండ. మిగతా పిల్లల్ని అమలమ్మ లోపలి గదిలో కూర్చోబెట్టింది. ఆయన గుమ్మం పక్కన కుర్చీలో, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయనే మమ్మల్ని పరీక్షలో కూర్చోబెట్టి, ఆయనే ఇబ్బంది పడుతున్నట్టు కనిపించారు.

డయానా మూత తిప్పింది. లేచి గుమ్మందాకా వెళ్ళింది. అఫ్సా మూతని తీసుకుని తనే నేలమీద తిప్పుకుంది. డయానా కాసేపు నిలబడి, మెట్లు దిగి స్కూటీ దాకా వెళ్ళింది. ఏమీ లేదు. నేను చాపమీంచి లేచి పైమెట్టు మీద నిలబడ్డాను. నన్ను పిలుస్తుందని కాదు. పిలిస్తే వద్దనను.

జహీదక్క గ్లాసు పట్టుకుని గది చివర కూర్చుంది. కాసేపటికి కరెంటు పోయి ఫ్యాను ఆగింది. మూత చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి. ‘ఆవ్’ అని ఆమే అంటోంది, గొంతు లేకుండా.

ముస్తాక్ గారు లేచారు.

“చాల్లే జహీదా,” అన్నారు. గొంతులో కసురు లేదు. “దాన్ని బాధపెట్టి, నువ్వు బాధపడి. సోమవారం ట్రాలీ ఆటో చెప్తా. అక్కడ మా అమ్మ చూసుకుంటది. మేడమ్ గారూ, మీరు చేసింది మేం మర్చిపోం.”

మేడమ్ తలూపారు. జహీదక్క గ్లాసు నేలమీద పెట్టి, గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. డయానా కింది నుంచి పైకి వచ్చింది. ముస్తాక్ గారు మా ముగ్గురినీ దాటుకుని మెట్లు దిగారు. కింద ఎండలో బండి ఉంది. ఆయన సీటు మీద చెయ్యి వేసి, చురుక్కుమని కాలితే తీసేశారు.

“ఆవ్.”

మా వెనకనుంచి. అఫ్సా చాపమీంచి లేచి గుమ్మంలోకి వచ్చి ఉంది. మా మొహాలు చూడలేదు. మా మధ్యలోంచి కిందికి చూస్తోంది.

ముస్తాక్ గారు రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. ఆవు కోసం. మిట్టమధ్యాహ్నం, రోడ్డుమీద పురుగు లేదు.

“ఎక్కడుంది?” అన్నారు పైకి చూసి.

ముందు డయానావంక చూశాను. ఆమె పెదవి కొరుక్కుంటోంది. జహీదక్కవంక చూడటానికి కొంచెం ధైర్యం కావలసి వచ్చింది. ఆమె మెడ ఎర్రబడింది. రాయి తీసి ఆయన్ని కొట్టేట్టు, పరుగెత్తి ఆయన్ని కౌగిలించుకునేట్టు, రెండూ ఒకే మొహంలో ఉన్నాయి. ఏడేళ్ళుగా అన్నం తిని లేచి కొట్టులోకి వెళ్ళిపోయిన మనిషి. రాత్రి పిల్ల నిద్రపోయాకే లోపలికి వచ్చిన మనిషి.

“ఆవు కాదు,” అంది జహీదక్క. గొంతు మామూలుగానే ఉంది. “మిమ్మల్నే. రమ్మంటోంది.”

“ఆవ్,” అంది అఫ్సా మళ్ళీ.

ఆయన బండి స్టాండు వేశారో లేదో చూసుకోలేదు. మెట్లెక్కుతుంటే చెయ్యి గోడకి పట్టుకుని ఎక్కారు, ముసలాయనలా. ఆ మెట్లమీద ఇద్దరు పట్టరు. మేం ముగ్గురం గోడకి ఒదిగి దారిచ్చాం. ఆయన పైకి వచ్చాక అఫ్సా ఆయన మణికట్టు పట్టుకుని చాపదాకా నడిపించింది. మూత తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఏం చెయ్యాలి దీన్ని?” అన్నారు ఆయన. అడిగింది నన్ను.

“తిప్పండి. నేలమీద. తిప్పి, చెంప ఆనించి చూడండి.”

అంతలావు మనిషి నేలమీద పడుకున్నారు. చొక్కా జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె దొర్లిపోయాయి. అఫ్సా ఆయన పక్కనే పడుకుంది. మూత తిరిగింది. చాలాసేపు తిరిగింది. ఆయన కుట్టుపని చేసే వేళ్ళు, మంచి పట్టు.

“జహీదా,” అన్నారు నేలమీంచే, తలెత్తకుండా. “హనుమాన్ జంక్షన్ సంగతి మా అమ్మతో నేను మాట్లాడతాలే.”

“మాట్లాడండి,” అంది జహీదక్క. వెళ్ళి గ్లాసు తీసుకుని మళ్ళీ గది ఆ చివరే కూర్చుంది. ఒళ్ళో చేతులు కుక్కుకుంది. ఈసారి ఆమెకి గడువేమీ లేదు.

మూత వాలి, చప్పుడు చేసి ఆగింది. ముస్తాక్ గారు చెంప తుడుచుకుని లేచి కూర్చుంటూ అప్పుడు నన్ను చూశారు. నేను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఆయన కూర్చుంది ఏ చోటో ఆయనకి తట్టినట్టుంది. కింద చాప ఒకవైపు నలిగి, మనిషి ఒంటి ఆకారంలో పల్లం పడి ఉంది.

“ఇది నీ చోటు కదూ చెల్లెమ్మా. రా, కూర్చో,” అని పక్కకి జరగబోయారు.

అఫ్సా మూతని ఆయనవైపు నెట్టి, ఆయన చేతివంక చూస్తూ ఆగింది.

“వద్దండీ,” అన్నాను. “మీరు కూర్చోండి.”

ఆ మాట అనడానికి నాకు కొంచెం సేపు పట్టింది.